పట్టూ విడుపూ

కొత్తపేట ఆసుపత్రి మేడ మీద గదిలో
పద్నాలుగు మందిమి, కాన్పులు చేసే నర్సులం,
చాపల మీద మోకాళ్ళు మడిచి పడుకున్నాం.
ఎస్తేరు రాణి మేడం చేతిలో ప్లాస్టిక్ కటి ఎముక.
దాని అడుగున ఎర్రగుడ్డ ఒకటి ఉయ్యాల్లా కట్టింది.
"బిడ్డనీ మోసేది ఇదే, మన మర్యాదనీ మోసేది ఇదే."

పుస్తకంలో దాని పేరు కటితల కండరాలు.
నోరు తిరగని పేరు పెడితే
సిగ్గు పడక్కర్లేదనుకున్నారు కాబోలు.

"గాలి పోకుండా ఆపుకున్నట్టు, లోపలికి, పైకి.
ఊపిరి బిగబట్టకండి. పిర్రలు బిగించకండి.
భ్రమరాంబా, కనుబొమలతో కాదమ్మా!"
ఘొల్లున నవ్వాం.
నవ్వుతూనే నేను తొడలు దగ్గరికి లాక్కున్నాను.
రెండోవాడు పుట్టిన దగ్గర్నుంచీ అలవాటది.
ఆరువందల కాన్పులు చేసిన నా సంచిలో
కత్తెర ఉంటుంది, దారం ఉంటుంది,
నా కోసం ఒక మడత గుడ్డ ఉంటుంది.

ఎవరు చేస్తున్నారో ఎవరు ఊరికే పడుకున్నారో
చూస్తే తెలిసే కసరత్తు కాదిది.
పద్నాలుగు మొహాలూ
బస్సు కోసం ఎదురుచూసే మొహాల్లాగే ఉన్నాయి.

మా నాన్న లొల్ల లాకుల దగ్గర లస్కరు.
అన్నం క్యారేజీ పట్టుకెళితే
ఇనపచక్రం తిప్పుతూ కనబడేవాడు,
తలుపు కింద కాలవ గుర్రుమంటూ.
"ఒక్కసారి ఎత్తేస్తే కింద గట్టు కోసుకుపోద్ది.
ఒక్కసారి వదిలేస్తే తలుపే పగులుద్ది.
ఎత్తడం ఎంత పనో దించడం అంతే పనమ్మాయ్."
ఆ మాట ఇన్నేళ్ళకి
చాప మీద వెల్లకిలా పడుకుని ఉండగా
నా ఒంట్లో ఇంకింది.

శుక్రవారం, పలివెల సబ్ సెంటరు వసారా.
వీరవేణికి కాన్పయ్యి ఐదు వారాలు.
"ఇబ్బందేమైనా ఉందా?"
"ఏం లేదండి."
అంతలో దగ్గొచ్చింది.
పిల్లని అత్తగారి ఒళ్ళో పడేసినంత పని చేసి
స్తంభాన్ని పట్టుకుంది.
నేను చూశానని చూసింది.

ప్రశ్నల కాగితం మడిచేశాను.
"నాక్కూడా పడుద్ది, దగ్గితే," అన్నాను.

వసారా కాసేపు మాట్లాడలేదు.
తర్వాత అత్తగారే, పిల్ల చెవి సవరిస్తూ,
"అందరికీ ఉండేదేగా.
ఊడుపుల్లో మోకాలిలోతు నీళ్ళలోనే నిలబడతాం.
ఎవరికి తెలుస్తది?"

ఎన్ని తొలకర్లు దాగాయో ఆ నీళ్ళలో.

బీపీ బిళ్ళల కోసం వచ్చిన పల్లాలమ్మ
(నా కంటే ముందు ఈ ఊరికి మంత్రసాని)
చేతికర్ర పక్కన పెట్టి అంది:
"మేం దాన్ని పట్టు అనేవాళ్ళం.
నడుంకట్టు బిగించి, పట్టు తెచ్చుకో పిల్లా అనేవాళ్ళం.
ఎలా తెచ్చుకోవాలో చెప్పలేదు.
మాకు తెలిస్తేగా."

రిజిస్టరులో కటితలం కొట్టేసి
పట్టూ విడుపూ అని రాశాను.
పట్టు: మెల్లగా, పైకి, ఐదు లెక్కపెట్టేదాకా.
విడుపు: అంతకంటే మెల్లగా, పూర్తిగా.
కడుపుతో ఉన్నవాళ్ళకి విడుపు మరీ ముఖ్యం,
తలుపు తెరుచుకోవాల్సిన రోజు ఒకటి వస్తుంది కదా.
పూటకి పదిసార్లు. మూడు పూటలు.
పిల్లకి పాలిస్తున్నప్పుడు చేసినా సరే.
మూడు నెలలన్నా పట్టుద్ది, నెలకే మానెయ్యొద్దు.
తగ్గకపోతే నా దగ్గర దాచొద్దు.

వీరవేణి కళ్ళు మూసుకుంది.
భుజాలు పైకొచ్చాయి. చెయ్యేసి దించాను.
మళ్ళీ వచ్చాయి.
మూడోసారి రాలేదు. మొహంలో ఏమీ లేదు.
"అదేనా అండి?"
"అదే."
పక్కింటి సుభాషిణి మాత్రం
పొయ్యి మీద పాలున్నాయంటూ లేచి వెళ్ళిపోయింది.
వచ్చే శుక్రవారం వాళ్ళింటికే పోవాలి.

సాయంత్రం బస్సు.
లాకుల దగ్గర స్పీడు బ్రేకరు, నాకు బాగా తెలిసిందే.
అది రాకముందే లోపల చక్రం తిప్పాను.
"టిక్కెట్టండీ," అన్నాడు కండక్టరు.
చిల్లర ఇచ్చాను, లెక్క తప్పకుండా.
నాలుగు దాకా నిలబడింది.
ఐదు ఇంకా జారిపోతోంది.